కబురు రాకపోతే మంచిదే

కుక్క చనిపోయిన పదకొండో రోజు మధ్యాహ్నం, దాని ఒంట్లో పుట్టింది క్యాన్సరని తన ఇంట్లోనే ఎవరికో తనకంటే డెబ్భై మూడు రోజుల ముందే తెలుసని ఆమె కనిపెట్టింది.

కనిపెట్టడానికని వెళ్ళలేదు. మిగిలిపోయిన కట్టు గుడ్డలు, మూత తీయని మందు సీసా, పుండు నాక్కోకుండా మెడకు తగిలించే ప్లాస్టిక్ గరాటు ఇంట్లో ఏ మూల పెట్టినా కళ్ళబడుతున్నాయి. పారేయడానికి చేతులు రావడం లేదు. ఇంకో కుక్కకైనా పనికొస్తాయని సంచిలో వేసుకుని, శనివారం ఆఫీసు ఒంటిపూటే కాబట్టి అటునుంచి అటే కుక్కల ఆస్పత్రికి వెళ్ళింది.

కౌంటర్లో కొత్తమ్మాయి కూర్చుని ఉంది.

"పేరు?"

"దొరసాని."

"మీ పేరు కాదండీ, కుక్క పేరు."

"కుక్క పేరే."

ఆ అమ్మాయి నవ్వబోయి, తెరమీద వివరాలు చూసి నవ్వు మింగేసుకుంది. 'చనిపోయింది' అనే గడిలో టిక్కు పెడుతూ, ఓదార్పుగా అనాలనుకుందో ఏమో, "పోనీలెండి. మేం ఫోన్ చేసినప్పుడే తెచ్చుంటే కొన్నాళ్ళు బతికేదేమో గానీ, ఎవరి ఇబ్బందులు వాళ్ళకుంటాయి" అంది.

"ఎప్పుడు ఫోన్ చేశారు?"

అమ్మాయి తెరను ఆమె వైపు తిప్పింది. రెండే రెండు నమోదులు. మంగళవారం, పదకొండు ఇరవై: గడ్డ పరీక్ష ఫలితం బాగాలేదనీ, వెంటనే రెండో ఆపరేషన్ చేయాలనీ ఇంట్లోవారికి ఫోన్లో చెప్పాం, తీసుకొస్తామన్నారు. తర్వాతి వారం శనివారం, నాలుగు పది: మళ్ళీ ఫోన్ చేశాం, ఇప్పుడు వీలు లేదు, తర్వాత తెస్తామన్నారు.

"ఎవరు మాట్లాడారు?"

"ఇంట్లోవారు అని ఉందంతే. నేనప్పుడు లేనండీ. అప్పుడున్నావిడ మానేసింది."

"నాకు ఈ పేజీ కాగితం మీద కావాలి."

ఆ గొంతు ఎలా ఉందో గానీ, కొత్తమ్మాయి పైవాళ్ళనెవరినీ అడక్కుండానే అచ్చు తీసి ఇచ్చేసింది.

తెరమీద రెండు వరసలు చూసి మిగతా కథ ఊహించుకోవడం అందరికీ చేతకాదు. ఆమెకు అదే వృత్తి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల గదిలో పన్నెండేళ్ళుగా కూర్చుంటోంది. ఎక్కడో లిఫ్టు ఆగిపోతుంది, లోపల మనిషి ఇరుక్కుపోతాడు, బయటికి తీసేసరికి గంటన్నర. తర్వాత విచారణలో మెకానిక్కు, వాచ్‌మన్‌, మేనేజరు అందరిదీ ఒకటే మాట, మాకు తెలీదని. తెలీదన్నవాడికి ఏ నిమిషాన తెలిసిందో, తెలిశాక ఎంతసేపు ఆ సంగతి మీద కూర్చున్నాడో కాగితం మీద చూపించడమే ఆమె పని. ఆ గదిలో తలకి హెడ్‌సెట్ తగిలించుకోవాలి, సొంత ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేయాలి. అందుకే ఆమె ఎక్కడ ఏ ఫారం నింపినా ఇంటి నంబరే రాస్తుంది. ఇంటి నంబరంటే హాల్లో టీవీ పక్కన ఛార్జర్ తీగకి కట్టేసినట్టు పడుండే పాత సెల్‌ఫోన్. ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తుతారు. కుక్కల ఆస్పత్రిలో కూడా అదే రాసింది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కదా అనుకుంది.

ఉన్నారు. అదే వచ్చిన చిక్కు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. దొరసానిని ఇంటికి తెచ్చింది కూతురు, ఎనిమిదేళ్ళ కిందట, చదువుకని హాస్టలుకి వెళ్ళక ముందు. తడి నేల మీద కాలు పెట్టకుండా ముందరి పాదం గాల్లో ఎత్తి నిలబడేదని ఆ పేరు పెట్టింది మామగారు. ఫొటోలు దిగింది భర్త. విసుక్కుంది అత్తగారు. దాని చాకిరీ అంతా చేసింది మాత్రం ఆమె. అయిదున్నరకి లేచి బయట తిప్పడం, వంట, అత్తగారికి వేడినీళ్ళు, ఇద్దరి డబ్బాలు, దొరసాని గిన్నె, బస్సు. సాయంత్రం మళ్ళీ అదే వరస, వెనకనుంచి ముందుకి. సాయంత్రప్పూట దాన్ని తిప్పడం మాత్రం మామగారిది. ఆయన కళ్ళకి పొరలొచ్చి గోతులు ఆనకుండా పోయాక, ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో చెప్పడం కష్టంగా ఉండేది. గొయ్యి వస్తే అది ఆగేది, అది ఆగితే ఆయన ఆగేవాడు.

గడ్డని కనిపెట్టింది కూడా ఆమే. స్నానం చేయిస్తుంటే కింది వరస రొమ్ములో శనగగింజంత వేలికి తగిలింది. భోజనాల దగ్గర చెబితే, "మగవాళ్ళ ముందు ఆ మాటలేంటమ్మా, కడుపు దగ్గర అనొచ్చుగా" అంది అత్తగారు. "ప్రతిదానికీ ఆస్పత్రేనా" అన్నాడు భర్త. ఆమే సెలవు పెట్టి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ గడ్డని తీసేసి, ముక్కని పరీక్షకి పంపించింది. "చెడ్డ కబురైతే మేమే ఫోన్ చేస్తాం. కబురు రాకపోతే మంచిదే అనుకోండి" అంది. ఆ ఆస్పత్రి పద్ధతి అంతే.

కబురు రాలేదు. వారం చూసింది, రెండు వారాలు చూసింది, తర్వాత చూడ్డం మానేసింది. కబురు రాలేదని ఎంత సంబరపడిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండింది. ఆ సంబరంతోనే మామగారి కంటి ఆపరేషన్‌కి పది రోజులు సెలవు పెట్టింది. రెండు గంటలకొకసారి చుక్కలు. మూడు రకాల సీసాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పది నిమిషాలు ఎడం. అత్తగారికి చేతులు వణుకు. భర్తకి, ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "కళ్ళూ గిళ్ళూ చూస్తే నాకు తల తిరుగుతుంది."

ఆ మొదటి ఫోన్ వచ్చిన డెబ్భై మూడో రోజున దొరసాని దగ్గడం మొదలుపెడితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల నిండా గింజలు చల్లినట్టున్న మచ్చలు చూపించి, ఆమె మొహం వైపు కూడా చూడకుండా, "అప్పుడే తెచ్చుంటే బాగుండేది" అంది. ముందే కనిపెట్టలేదని దెప్పుతోంది కాబోలు అనుకుంది ఆమె. ఫోన్ చేసి చెప్పినా తీసుకురాలేదన్న అసహ్యం అదని ఇవాళ తెలిసింది. ఇంట్లో మాత్రం తక్కువ తిన్నారా. "రోజూ దాని ఒళ్ళంతా తడిమేదానివి నువ్వే కదా, తెలియలేదా?" అన్నాడు భర్త. "ప్రాణంగా చూసుకున్న కుక్క గతే ఇదైతే ఇక మా గతేంటో" అంది అత్తగారు. నిజమే కాబోలని నమ్మింది. కుట్లు వేసిన చోట పుండు తిరగబెట్టి చీము కారుతుంటే కడుగుతూ నమ్మింది. వాసన వస్తోంది బాల్కనీలో పెట్టమంటే, దాని పక్కనే తనూ చాప వేసుకుని నమ్మింది. దాని చివరి మధ్యాహ్నం ఆస్పత్రి బల్ల మీద దాని తల తన మోచేతిలో ఉండగా భర్తనుంచి మెసేజ్ వచ్చింది. 'లేటవుతుందా? వంట సంగతేంటి?' అప్పుడు కూడా తప్పు తనదే అనుకుంది. సెలవు అడిగితే సూపర్‌వైజరు "కుక్క పోతే సెలవు ఏ గడిలో రాయమంటారు?" అన్నాడు. జ్వరమని రాసింది.

ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో "నీ తప్పేం లేదమ్మా" అన్న మనిషి ఒక్కరే. మామగారు.

బస్సు దిగేలోపు ఒకటి నిశ్చయించుకుంది. ఆ ఫోన్ ఎత్తిందెవరో ఆమెకు తెలియాలి. ఎవరైనా సరే, ఆ మనిషి పనికి ఇక తన చేతులు కదలవు. అరవడం, ఏడవడం ఏమీ ఉండవు. చేతులు కదలవు, అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెకి ఉన్న అధికారం ఏదైనా ఉంటే అదొక్కటే. ఒక్కసారి కూడా వాడలేదు.

ఇల్లు చేరేసరికి ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. భోజనం ఆమె పొద్దున వండి మూతలు పెట్టి వెళ్ళిందే. మూతలు తీసుకోవడం కూడా బద్ధకమై ఆమె కోసం చూస్తున్నారు.

"వచ్చావా, ఆకలేస్తోంది" అన్నాడు భర్త.

ఆమె కాగితాన్ని గిన్నెల మధ్య పెట్టింది.

"ఆస్పత్రి వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. దానికి క్యాన్సరని, మళ్ళీ ఆపరేషన్ చేయాలని చెప్పారు. మొదటిది మామయ్యగారి కన్ను ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు, మంగళవారం పొద్దున. మీరు ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. ఎవరెత్తారు?"

భర్త కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చదివీ చదవనట్టు చూసి పక్కన పెట్టేశాడు.

"ఇంకా ఆ కుక్క గొడవేనా? మంగళవారమంటే ఇంటినుంచే పని నాకు. మీటింగు మీద మీటింగు. ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. తలుపేసుకుని కూర్చుంటే హాల్లో ఫోన్ నాకెక్కడ వినబడుతుంది?"

"ఆ ఫోన్ మీరెప్పుడైనా ఎత్తారా?"

"నేనెందుకెత్తుతాను? గ్యాసువాళ్ళూ, కొరియరువాళ్ళూ. అవన్నీ నువ్వు చూసుకునేవేగా."

అబద్ధం చెప్పడం లేదు. అదే ఆమెకు కంపరంగా అనిపించింది. ఈ మనిషి నిర్దోషి. ఏ పనీ ముట్టుకోని చేతికి ఏ మరకా అంటదు. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, తన తండ్రి ఏ బిళ్ళ పొద్దున వేసుకుంటాడో ఏ బిళ్ళ మాపున వేసుకుంటాడో, తన కూతురి చెప్పుల సైజు ఎంతో ఆయనకి తెలియదు. తెలియకపోవడాన్ని ఆయన చొక్కా ఇస్త్రీ మడతంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాడు. రేపు ఏ విచారణ జరిగినా దర్జాగా నిలబడి నాకు తెలీదని చెప్పగలడు, అది నిజం కూడా అవుతుంది. దోషి ఈయనే అయితే ఎంత బాగుండునని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది. ఈయన మీద కోపం తెచ్చుకోవడానికి కొత్తగా కష్టపడాల్సిన పని లేదు.

ఆమె చూపు పక్కకి తిరగగానే అత్తగారు మంచినీళ్ళ గ్లాసు ఠక్కుమని బల్ల మీద పెట్టింది.

"నన్నెందుకలా చూస్తావమ్మా? అదంటే నాకు పడదని ఎనిమిదేళ్ళు మొహం మీదే చెప్పాను. దొరసానిగారికి వడ్డించాకే మాకు వడ్డిస్తావని కూడా అన్నాను. దాచుకుని చేసేంత ఓపిక నాకెక్కడేడిసింది? దానికి అక్కడ గడ్డట, మళ్ళీ కొయ్యాలట అని నాకు గనక ఫోన్లో చెప్పుంటే, నువ్వు ఇంటికొచ్చేసరికి ఈ వీధి వీధంతా తెలిసుండేది. నీకొక్కదానికే తెలియకుండా ఉంటుందా?"

ఇంత గట్టి సాక్ష్యం ఆమె ఆఫీసులో కూడా ఎప్పుడూ వినలేదు. అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని ఆమెకు పెళ్ళైన వారానికే తెలుసు.

మామగారు ఖాళీ కంచం అంచుని వేలితో తడుముతున్నాడు. తల ఎత్తకుండా మెల్లిగా అడిగాడు.

"కాగితంలో పేరేమైనా రాశారా అమ్మా?"

"లేదు మామయ్యగారూ. ఇంట్లోవారు అని రాశారంతే."

"ఊఁ" అని ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"అయిపోయిందా విచారణ? ఇక తిననిస్తావా?" అన్నాడు భర్త. "పోయింది ఎలాగూ పోయింది. ఎవరెత్తితే ఏం, అది లేచొస్తుందా?"

ఆమె అందరికీ వడ్డించింది. వాళ్ళలో ఒకరికి అదే చివరిసారని ఆమెకొక్కదానికే తెలుసు. తను తినలేదు.

సాయంత్రం ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి, ఆఫీసులో చేసినట్టే చేసింది. మొదటి నమోదుతో తేలకపోతే రెండోదాన్ని పట్టుకోవాలి. మంగళవారం ఇంట్లో ముగ్గురున్నారు, తేలదు. శనివారం, నాలుగు పది. ఆ శనివారం తను సెలవులో ఉంది. ఆపరేషన్ అయి ఎనిమిదో రోజు. ఆ మధ్యాహ్నం ఆడపడుచు కొత్త ఇంటికి తలుపులు బిగిస్తున్నారని చూడ్డానికి తల్లీ కొడుకూ వెళ్ళారు. అంట్లు తోమే వేళకి వచ్చారు, ఆడపడుచు ఇంటి టైల్స్ గురించి అత్తగారు గంటసేపు చెప్పింది కూడా. మరి ఫోన్ మోగినప్పుడు తనెక్కడుంది? నాలుగింటి చుక్కలు వేయబోతే సీసా ఖాళీ. చెప్పులేసుకుని మందుల షాపుకి పరుగెత్తింది. వచ్చేసరికి మామగారు సోఫాలో కంటి మీద ప్లాస్టిక్ మూతతో కూర్చుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర దొరసాని పడుకుని ఉంది. ఎవరైనా ఫోన్ చేశారా అని తను అడగలేదు. వేళ దాటిపోతోందని చేతులు కడుక్కోవడానికి పరుగెత్తింది.

ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడిన వాసన వచ్చింది. తీసి పక్కన పెట్టింది.

కాదు, ఇంకేదో ఉండి ఉంటుంది అనుకుంది. ఈ ఇంట్లో పెళ్ళైన కొత్తలో జ్వరంతో పడుకుంటే, లేచి వంట చేయమని అత్తగారు కేకలేస్తుంటే, తనకి హోటల్లో ఇడ్లీ పొట్లం కట్టించుకొచ్చి చేతిలో పెట్టిన మనిషి. "నా కోడలికి వచ్చినన్ని లెక్కలు నా కొడుక్కి రావు" అని పదిమందిలో అన్న మనిషి. తిట్టేవాళ్ళని అనుమానించడం తేలిక. ఒక్క మంచిమాటతో పంతొమ్మిదేళ్ళు బతికించినవాణ్ణి అనుమానించాలంటే, ఆ పంతొమ్మిదేళ్ళలో ప్రతి రోజునీ మళ్ళీ తీసి వెలుతురులో పెట్టి చూసుకోవాలి.

కానీ లెక్కలు వచ్చినదానికి లెక్క తప్పు రాదు కదా. కాగితంలో పేరు రాశారా అని ముగ్గురిలో ఒక్కరే అడిగారు. అదీ పక్కన పెట్టచ్చు. నీ తప్పేం లేదమ్మా అన్న మాటని ఎక్కడ పెట్టాలి? ఇంటిల్లిపాదీ ఆమెదే తప్పన్నారు, డాక్టరమ్మ మొహం తిప్పుకుంది, ఆమెకే తన మీద నమ్మకం లేదు. అప్పుడు ఆ ఒక్క మనిషి అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలిగాడు?

భర్త టీ కప్పుతో అటుగా వచ్చి, మాడిన చొక్కా చూసి నాలుక చప్పరించాడు.

"చూసుకోవద్దూ? అన్నట్టు సోమవారం నుంచి పది రోజులు సెలవేగా నీకు. నాన్న రెండో కన్ను పని ఎలాగూ ఉంటుంది, మధ్యలో ఖాళీయే కదా. గీజరు బాగుచేసే మనిషిని పిలిపించు. అక్కవాళ్ళు కూడా రెండు రోజులు ఉండి వెళ్తారట."

ఆ సెలవు అడిగినప్పుడు సూపర్‌వైజరు గది గదంతా వినేలా "ఇంకెన్ని కళ్ళున్నాయండీ మీ ఇంట్లో?" అన్నాడు. అందరూ నవ్వారు. మర్యాదకి ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు దవడలు నొప్పెట్టాయి.

"సెలవు రద్దు చేసుకున్నాను" అంది. ఇంకా చేసుకోలేదు. ఆ మాటతో చేసేసుకుంది. "సోమవారం నేను ఆఫీసుకి వెళ్తున్నాను. చుక్కలు మీరు వేయండి."

"నేనా?" అతను నవ్వాడు. "నాకు రాదు."

"సీసా మీద బొమ్మ వేసి ఉంటుంది."

"మీటింగులుంటాయి నాకు."

"రెండు గంటలకి ఒకసారి, అరగంట. తలుపు తీసుకుని రండి."

"ఏమైంది నీకు? కుక్క మీద కోపం మా నాన్న మీద చూపిస్తావా? ఆయన నిన్నేమన్నాడు పాపం? ఈ ఇంట్లో నిన్ను వెనకేసుకొచ్చేది ఆయనొక్కడే."

"అవును" అంది ఆమె. ఇస్త్రీపెట్టె తీగ చుట్టి పైన పెట్టేసింది. సగం బట్టలు నలిగినవి నలిగినట్టే ఉండిపోయాయి. పంతొమ్మిదేళ్ళలో అలా వదిలేయడం అదే మొదలు. ఇల్లేమీ కూలిపోలేదు.

మర్నాడు ఆదివారం. ఎనిమిదైనా వంటింట్లో చప్పుడు లేకపోయేసరికి అత్తగారు రెండుసార్లు వచ్చి చూసి, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగి, బాగానే ఉందంటే మరీ భయపడి వెళ్ళిపోయింది. భర్త కప్పులు ఏ అరలో ఉంటాయో వెతుకుతున్నాడు. బాల్కనీలో మామగారు ఎండ పడే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ అయిన కంటికి ఎదురుగా పేపరు పట్టుకుని ఉన్నాడు గానీ చదవడం లేదు. ఆమె వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. కుర్చీ పక్కన గచ్చు మీద ఇన్నాళ్ళూ దొరసాని పడుకున్న చోటు కొంచెం నునుపుదేలి ఉంది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఆ రెండో ఫోన్ వచ్చిన శనివారం నాలుగు పదికి ఇంట్లో మీరొక్కరే ఉన్నారు మామయ్యగారూ."

ఆయన పేపరు మడతపెట్టాడు. మళ్ళీ మడతపెట్టాడు. ఇక మడతపెట్టడానికి వీల్లేనంత చిన్నదయ్యాక ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మంగళవారం కూడా నేనేనమ్మా. రెండుసార్లూ ఎత్తింది నేనే."

ఆమె ఆయన్ని చెప్పనిచ్చింది. ఆఫీసులో నేర్చుకున్నదే. నిజం చెప్పడం మొదలుపెట్టినవాడికి అడ్డు రాకూడదు.

"ఆ ఆస్పత్రి పిల్ల అంతా విడమరిచి చెప్పింది. మళ్ళీ కొయ్యాలి, ఈసారి పెద్దగా కొయ్యాలి, ఆ తర్వాత మూడు వారాలు ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి అంది. మూడు వారాలనగానే నాకు శుక్రవారం గుర్తొచ్చింది. నా కన్ను. ఏడు నెలలు ఆగితే దొరికిన తారీకు. నీకు చెబితే నా ఆపరేషన్ మానిపిస్తావని కాదు. మానిపించవు. రెండూ నీ నెత్తినే వేసుకుంటావు. అటు పరుగెత్తుతావు, ఇటు పరుగెత్తుతావు. అప్పుడు నాకు సగం మనిషి దొరుకుతుంది. నాకు మొత్తం మనిషి కావాలనిపించింది."

వంటింట్లో ఏదో కప్పు కిందపడి పగిలిన చప్పుడైంది. ఆమె కదల్లేదు.

"పది రోజులాగి చెబుదామనుకున్నాను. ఒట్టు. పది రోజులయ్యాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావేమోనని భయమేసింది. మళ్ళీ ఫోన్ చేశారు, తర్వాత తెస్తామన్నాను. అదేమో బాగానే తిరుగుతోంది, నన్ను తిప్పుతోంది. ఆ పిల్ల వేరే కుక్క కాగితం చూసి చెప్పిందేమో అని కూడా అనుకున్నాను. మనకి కావాల్సినట్టు అనుకోవడం ఏం కష్టం కాదమ్మా. దగ్గు మొదలైన రోజున బాత్‌రూంలో గడియ పెట్టుకుని ఏడ్చాను. కంటికి తడి తగలకూడదని అప్పుడెప్పుడో అన్నావు కదా, గుడ్డతో ఒత్తుకుంటూ ఏడ్చాను. నువ్వు నీ తప్పే అనుకుని కుమిలిపోతుంటే ప్రతిరోజూ చెప్పేద్దామని వచ్చేవాణ్ణి. నీ తప్పేం లేదని మాత్రం అనగలిగాను. మిగతాది నోట్లోంచి రాలేదు."

"మంగళవారం మీ అబ్బాయి ఇంట్లోనే ఉన్నారు" అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీ కన్ను ఆయన చూసుకుని ఉండొచ్చు. నేను దాన్ని చూసుకునేదాన్ని. ఇద్దరూ బాగుండేవాళ్ళు. ఆయన్ని అడగాలని మీకు తట్టలేదా?"

మామగారు తల ఎత్తాడు. బాగుపడ్డ కంటితో ఆమెని సూటిగా చూశాడు. ఇంకో కన్ను తెల్లగా, ఎటో చూస్తోంది.

"తట్టింది. తట్టలేదంటే అది కూడా అబద్ధమే అవుతుంది. ఫోన్ పెట్టేసి తిన్నగా వాడి గది దగ్గరికే వెళ్ళాను. నా సంగతి నువ్వు చూడరా, ఆ అమ్మాయిని కుక్కని చూసుకోనీ అందామనే వెళ్ళాను. తలుపవతల మీటింగేం లేదమ్మా. క్రికెట్టు ఆట పెట్టుకుని చూస్తున్నాడు, జనం అరుపులు వినబడుతున్నాయి, వాడు నవ్వుతున్నాడు. తలుపు తట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. పాపం, ఆట మధ్యలో ఉన్నాడు, ఇప్పుడు వాణ్ణెందుకు కదిలించడం అని దించేశాను."